డల్లాస్ నుంచి నందివాడ: విమానం 18 గంటలు, మరి ప్రయాణం?

ఇవాళ మాట్లాడుకునేది మన గుడివాడ, నందివాడ వైపు చాలా ఇళ్ళల్లో ఏదో ఒకరోజు వచ్చే ప్రశ్న. "మావాడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇప్పుడు బయల్దేరితే ఎప్పటికొస్తాడు?"

ఫోన్లో కొడితే డల్లాస్–హైదరాబాద్ దాదాపు 14,400 కిలోమీటర్లు అని వస్తుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం అది. ఆ దారం ఎటు పోతుందో తెలుసా? అట్లాంటిక్ మీదుగా అడ్డంగా కాదు, దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి! గంటకి 900 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే 16 గంటలు. కానీ అలా నేరుగా తెచ్చే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది గానీ ఎక్కువకాలం నిలవలేదు.

సరే, దుబాయ్ మీదుగా వస్తే? 12,900, ఆ తర్వాత 2,550. చుట్టు తిరిగామనుకుంటాం గానీ పెరిగింది వెయ్యి కిలోమీటర్లే, అంటే గంట పైచిలుకు. గాల్లో ఉండేది పద్దెనిమిదిన్నర గంటలు. మిగతాదంతా నేలమీదే పోతుంది.

మా వీధిలో ఒకాయన పోయినప్పుడు కొడుకు ఫోన్లో "ఫ్లైట్ పద్దెనిమిది గంటలు" అన్నాడు. ఇక్కడివాళ్ళు అదే పట్టుకుని మర్నాడు సాయంత్రానికి అందరికీ కబురు చేశారు. చుట్టాలొచ్చారు, ఫ్రీజర్ బాక్స్ ఇంకో రోజు అద్దెకి అడిగారు, ఆ తల్లి కారు చప్పుడైతే చాలు లేచి కూర్చునేది.

కాబట్టి ఇలా లెక్కేయండి. చలికాలం, సోమవారం పొద్దున ఎనిమిదికి అక్కడ ఇల్లు వదిలాడు. మనకప్పుడు రాత్రి ఏడున్నర. మధ్యాహ్నం విమానం, పదిహేను గంటలు. దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగి, ఇంకో మూడున్నర గంటలు. శంషాబాద్‌లో దిగేసరికి మంగళవారం రాత్రి పది. ఇమ్మిగ్రేషన్, లగేజి ఒక గంట. ఆ టైములో గన్నవరానికి విమానం దొరకడం కష్టం. సూర్యాపేట, విజయవాడ, గుడివాడ మీదుగా కారులో ఆరేడు గంటలు. నందివాడలో బుధవారం తెల్లారుతుంది. మొత్తం 34 గంటలు, అదీ టికెట్ వెంటనే దొరికితే!

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఆ డబ్బులూ పోయినట్టే. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఓసీఐ కార్డు మర్చిపోవద్దు. హెచ్‌వన్‌బీ మీద ఉండి స్టాంపింగ్ అయిపోయినవాళ్ళ బాధ వేరు, వస్తే తిరిగి వెళ్ళగలమో లేదో తెలీదు. రాలేకపోయినవాణ్ణి ఊళ్ళో నాలుగు మాటలనడం నాకైతే నచ్చదండి.

టికెట్ చేతికి రాగానే ఫ్యామిలీ గ్రూపులో ఫ్లైట్ నంబరు కాదు, మన టైములో గుమ్మం దగ్గరికి ఎప్పుడొస్తారో పెట్టండి: "బుధవారం పొద్దున ఆరు, పొగమంచుంటే ఎనిమిది."