బండి లెక్క: మైలేజీ ఒక్కటే చూస్తే చాలదు

(2022 జూన్‌లో జరిగిన మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)

కోశాధికారిని కదా, ప్రతి ఏడూ పుస్తకాల గురించి, వాయిదాల గురించి మాట్లాడతాను. ఈ ఏడు బండి లెక్క మాట్లాడతాను. కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గరకు వచ్చిన రుణ దరఖాస్తుల్లో చాలావాటిలో ఒకటే మాట. "డీజిలు పెరిగింది, పాత బండి తీసేసి మైలేజీ ఇచ్చే కొత్త బండి కొంటాం." వినడానికి సబబుగానే ఉంది. కానీ లెక్క వేస్తే వేరేగా వచ్చింది. ఆ లెక్క మీ ముందు పెడతాను.

ముందు ధర సంగతి. మనం వాడే చమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా బయటి దేశాల నుంచి రావలసిందే. ఫిబ్రవరి 24న రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ముడి చమురు బ్యారెల్ వంద డాలర్లు దాటింది. నవంబరు నుంచి కదలకుండా ఉన్న బంకు ధర మార్చి 22న కదిలింది. ఏప్రిల్ 6 లోపల 14 సార్లు పెరిగి, లీటరుకు 10 రూపాయలు ఎక్కింది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం, డీజిలు మీద 22.25 శాతం వ్యాటు, అది కాక లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి ఉన్నాయి. మే 21న కేంద్రం ఎక్సైజు సుంకం పెట్రోలు మీద 8, డీజిలు మీద 6 రూపాయలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. కాస్త ఊపిరి ఆడింది. ఇవేవీ మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నది మన బండి, మన కాగితం, మన పెన్ను.

ఇప్పుడు మా ఇంటి సంగతే చెప్తా. మా ఆయనకు డీజిలు ఆటో ఉంది. ఆర్‌సీ పుస్తకంలో డ్రైవరు కాక ఆరుగురు అని రాసి ఉంది. మిరప కోతల రోజుల్లో పొద్దున్నే కూలీలను ముప్పై కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి, సాయంత్రం దాకా చేలోనే ఉండి, మళ్లీ తీసుకొస్తాడు. రోజుకు 60 కిలోమీటర్లు. లీటరుకు 24 ఇస్తుంది. అంటే రోజుకు రెండున్నర లీటర్లు. లీటరుకు 10 పెరిగింది కాబట్టి రోజుకు పెరిగిన ఖర్చు 25 రూపాయలు. ఆరుగురికి పంచితే మనిషికి నాలుగు రూపాయల చిల్లర. అంతే.

కానీ ఆ రోజుల్లో మేము ఈ లెక్క వేయలేదు. బంకులో బోర్డు చూసి గుండె బాదుకున్నాం. బాడుగ పెంచమని ముఠా మేస్త్రిని అడిగాం. "బాడుగ పెంచేది లేదు. ఇంకో నలుగుర్ని ఎక్కించు, వంద ఎక్కువ ఇస్తా" అన్నాడు. ఈ ఏడు నల్ల తామర పురుగు వచ్చి తోటలు పాడయ్యాయి, కోతలు తక్కువ, పని దొరికితే చాలనుకున్నాం. సరే అన్నాం. పదిమందిని ఎక్కించాం.

నాలుగో రోజు సాయంత్రం సాగర్ కాలువ కట్ట మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు తీశాడు. బరువుకు వెనక చక్రం అంచు దిగి బండి ఒరిగింది. దేవుడి దయ, కాలువ వైపు పడలేదు. అంచున కూర్చున్న ఒక చెల్లెలికి చెయ్యి విరిగింది. ఆమె మా సంఘం సభ్యురాలే. ఈ హాల్లోనే ఉంది. పేరు వద్దుగానీ సంగతి చెప్పు అక్కా అని ఆమే అంది. ఆస్పత్రికి మేము పెట్టింది 18,000. ఆమెకు రెండు నెలల కూలి పోయింది. ఆ రెండు నెలలు ఆమె సంఘం వాయిదా కూడా నిలబడింది.

రోజుకు పెరిగింది 25. ఆశపడింది వంద. ఆ వంద 180 రోజులు తెస్తే 18,000 అవుతుంది. మన దగ్గర మిరప కోతలు ఏడాదికి 180 రోజులు ఎక్కడున్నాయమ్మా?

2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. ఇళ్లకు రావలసిన వాళ్లు రాలేదు. ఆ ఊరు మనకు దూరం కాదు. మాకు చేయితో పోయింది, అంతే తేడా.

ఇందులో నేను నేర్చుకున్నది ఇంకోటి ఉంది. "డీజిలు పెరిగింది, బాడుగ పెంచండి" అంటే ఎవరూ వినరు. అదే కాగితం తీసి "రోజుకు రెండున్నర లీటర్లు తాగుద్ది, పాతిక రూపాయలు పెరిగింది, పాతిక ఇవ్వండి" అంటే వింటారు. మే నెలలో మా ఆయన అలాగే అడిగాడు. వేరే మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆరుగురినే ఎక్కించుకుంటున్నాడు. లెక్క తెలిసినవాడికి బేరం ఆడే నోరు వస్తుంది.

ఇక కొత్త బండి మాట. మేమూ అనుకున్నాం. పాతది అమ్మేసి, పైన 2 లక్షలు అప్పు తెస్తే కొత్త ఆటో వస్తుంది. లీటరుకు 30 ఇస్తుందన్నారు. నెలకు 25 రోజులు తిరిగితే 1,500 కిలోమీటర్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి డీజిలు లీటరు వంద అనుకుందాం. పాత బండికి 62.5 లీటర్లు, అంటే 6,250. కొత్త బండికి 50 లీటర్లు, అంటే 5,000. మిగిలేది నెలకు 1,250. పాత బండి రిపేర్లు తగ్గుతాయి కాబట్టి ఇంకో 1,500 కలుపుకోండి. మొత్తం 2,750. మరి నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున, తగ్గే బాకీ మీద, మూడేళ్లకు 2 లక్షల వాయిదా ఎంత? నెలకు 6,640 పైన. ఇంకా నాలుగు వేలు ఎక్కడి నుంచి తేవాలి?

డీజిలు 200 అయినా మిగిలేది 1,250 బదులు 2,500. అప్పుడు కూడా వాయిదా రాదు. పైగా కోతలు లేని నెలలో డీజిలు ఖర్చు ఉండదు గానీ వాయిదా ఉంటుంది. వాయిదాకు తామర పురుగు తెలియదు, వాన తెలియదు.

అందుకని మేము కొనలేదు. 3,500 పెట్టి మెకానిక్ దగ్గర పని చేయించాం. ఎయిర్ ఫిల్టరు మార్చాడు, ఇంజినాయిలు మార్చాడు, పట్టేసిన బ్రేకు వదులు చేశాడు, టైర్లలో గాలి సరిగ్గా పెట్టాడు. ఇప్పుడు 27 ఇస్తోంది. నెలకు ఏడు లీటర్ల దాకా మిగులు, అంటే 700. ఐదు నెలల్లో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. మన నల్లరేగడి దుమ్ము, మిరప కల్లాల దుమ్ము బండికి ఊపిరి ఆడనివ్వదు. ఫిల్టరు దులపకుండా ఏడాది తిప్పి, బండిది తప్పు అనుకున్నాం.

కొత్త బండి ఎప్పుడూ కొనొద్దని నేను అనడం లేదు. బండి అరిగిపోతే, రిపేరు ఖర్చు, పని పోయిన రోజులు కలిపి వాయిదాను మించితే కొనండి. కొనేటప్పుడు మైలేజీ చూడండి. అంతేగానీ మైలేజీ కోసమే బాగున్న బండి తీసేయకండి.

కరెంటు స్కూటర్ల దరఖాస్తులు కూడా వచ్చాయి. ఇక్కడ లెక్క వేరు. ఊరూరా తిరిగి చీరలు అమ్మే చెల్లెలు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుంది. నెలకు 25 రోజులకు 1,000. లీటరుకు 40 ఇచ్చే పెట్రోలు స్కూటరైతే 25 లీటర్లు, లీటరు 110 చొప్పున 2,750. కరెంటు బండికి ముప్పై యూనిట్లు, 200 రూపాయలు అనుకోండి. మిగిలేది 2,550. 80,000 అప్పు రెండేళ్లకు తీసుకుంటే వాయిదా దాదాపు 3,770. నెలకు 1,200 చేతి నుంచి పడుతుంది, రెండేళ్ల తర్వాత మిగిలేదంతా ఆమెదే. అదే రోజుకు 10 కిలోమీటర్లు తిరిగే సభ్యురాలికి మిగిలేది నెలకు 640 మాత్రమే. వాయిదా మాత్రం అదే 3,770. ఒకే బండి ఒకరికి తగుతుంది, ఇంకొకరికి తగదు. ఎక్కువ తిరిగేవాళ్లకే అది. బ్యాటరీకి ఎన్నేళ్లు వారంటీయో, రిపేరు చేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారో లేదో అడగండి. ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ వైపు ఇళ్లలో బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. పడుకునే గదిలో, రాత్రంతా ఛార్జింగు పెట్టకండి.

మూడో లెక్క మిర్చి టిక్కీలది. మన రైతు సభ్యులు గుంటూరు యార్డుకు ఎవరి టిక్కీలు వాళ్లు విడివిడిగా వేసుకెళ్తున్నారు. నలభై కిలోమీటర్ల దూరం అనుకోండి, రానూపోనూ 80. చిన్న ట్రక్కు లీటరుకు 16 ఇస్తే 5 లీటర్లు, 500 రూపాయలు. ఎనిమిది టిక్కీలు వేస్తే టిక్కీకి డీజిలు 62 రూపాయల 50 పైసలు. లీటరుకు 20 ఇచ్చే బండి తెచ్చినా టిక్కీకి 50. అదే పాత బండిలో ఇద్దరు కలిసి పదహారు టిక్కీలు వేస్తే టిక్కీకి 31 రూపాయల పావలా. బండి మార్చినదానికంటే పొత్తు కలిసినదే ఎక్కువ మిగిల్చింది. వచ్చేటప్పుడు ఎరువో పశువుల దాణానో వేసుకొస్తే ఇంకా మేలు. యార్డు దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఇంజిను ఆపేయమని డ్రైవరుకు చెప్పండి.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బండికి రాసిన బరువు దాకా టిక్కీలను నింపండి. మనుషుల్ని మాత్రం నింపకండి. సరుకు బండ్లలో, ట్రాక్టర్లలో మనుషుల్ని ఎక్కించి ఏదైనా జరిగితే బీమా సొమ్ము రావడం కూడా కష్టం.

మైలేజీ ఎంతో కంపెనీ కాగితం చూసి కాదు, మనమే కొలుచుకోవాలి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాయండి. వారం తిరిగాక మళ్లీ నిండా పోయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. మీ పిల్లలు చేసి పెడతారు. బంకులో సున్నా చూడండి. కొలతలో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగండి, అది బంకులో ఉండాలి, అడిగే హక్కు మనకుంది.

చివరగా కార్యవర్గం తరఫున ఒక ప్రతిపాదన. ఇకమీదట బండికి రుణం అడిగే సభ్యురాలు సూక్ష్మ రుణ ప్రణాళికతో పాటు ఒక బండి లెక్క కాగితం పెట్టాలి. అందులో ఆరు సంగతులు ఉండాలి.

1. నెలకు ఎన్ని కిలోమీటర్లు, ఏడాదిలో ఎన్ని నెలలు పని ఉంటుంది.
2. ఇప్పుడున్న బండి మైలేజీ ఎంత, మనమే కొలిచినది.
3. కొత్త బండి వల్ల నెలకు ఇంధనం, రిపేర్లలో మిగిలేది ఎంత.
4. వాయిదా, బీమా, పన్ను కలిపి నెలకు ఎంత.
5. పని లేని నెలల్లో వాయిదా ఎక్కడి నుంచి కడతాం.
6. ఆర్‌సీలో రాసినంత మందితోనే, రాసినంత బరువుతోనే ఈ లెక్క నిలబడుతుందా.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. ఎక్కువమందిని ఎక్కిస్తేనే వాయిదా వచ్చే బండి అయితే, ఆ బండి మనకు వద్దు. ఆ అప్పు తీర్చేది మన పక్క చెల్లెలి చెయ్యీ కాలూ.

కాగితం రాయడం రానివాళ్లకు వీఓఏలు రాసి పెడతారు. గ్రామ సంఘం సమావేశంలో పైకి చదవాలి. పది మంది విన్నాకే రుణం.

ఈ ప్రతిపాదనకు మీరందరూ చేతులెత్తి ఒప్పుకోవాలని కోరుతున్నాను. మొదటి చెయ్యి ఎత్తాల్సింది ఆ చెల్లెలు. ఇప్పుడు కట్టు విప్పారు, ఎత్తగలదు.