ముందు నడిచే కుక్క, కనబడని తీగ
(ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను భూమి హక్కుల గురించి మాట్లాడమన్నారు. దాని గురించి పెద్దలు పొద్దున్నుంచీ చెప్తనే ఉన్నారు. నేను కుక్కల గురించి, తీగల గురించి మాట్లాడతా. నవ్వుతున్నారు, నవ్వండి. ఇక్కడ కూసున్న వాళ్ళల్ల ఇంట్ల కుక్క లేనివాళ్ళు ఎంతమంది? చేనుకు పోయినా, తునికాకుకు పోయినా, ఇప్పపువ్వు ఏరను పోయినా కుక్క లేకుండా గూడెం దాటుతామా? పట్నంల కుక్కను తాడు కట్టి తిప్పుతరు. మన దగ్గర కుక్కే మనల్ని తిప్పుతది. ఎప్పుడూ మనకు పది అడుగులు ముందే ఉంటది. తీగ ముందుగా దానికే తగిలేది అందుకే.

మా మామ సంగతి చెప్తా. ఇప్పపువ్వు రోజులు. తెల్లవారకముందే మామ, అత్త బుట్టలు పట్టుకొని బయలుదేరిన్రు. దారి పక్కన ఒకరి యాసంగి మక్క చేను. పందుల కోసం రాత్రి కరెంటు తీగ పెట్టిన్రు, దారికి జానెడు దూరంల. కుక్క ముందు పోయింది. ఒక్క అరుపు, అంతే. మామ టార్చి కూడా వేయకుండా ఉరికిండు. అత్త బుట్ట పారేసి ఎనక నుంచి చొక్కా పట్టి గుంజింది. చొక్కా చినిగింది, మామ కింద పడ్డడు. ఆ చినిగిన చొక్కా వల్లనే ఇయ్యాల మామ ఉన్నడు. తెల్లారినంక తీగ విప్పుకోను వచ్చిన చేను ఆసామి, "కుక్కే గదా, పైసలిస్తా" అన్నడు. మామ పైసలు తీసుకోలేదు. ఫిర్యాదూ ఇయ్యలేదు. ఎవరికియ్యాల్నో మాకప్పుడు తెల్వదు.

ఇలాంటి చోట్ల మొదటి చావు కుక్కది. రెండోది దాన్ని పట్టుకోను ఉరికినోడిది. ఆ రెండో చావు ఆపడానికే నేనీ మాటలు చెప్తున్న.

కరెంటు ఎట్ల పట్టుకుంటదో కొంచెం తెలుసుకోవాలె. మోటారు స్టార్టర్ నుంచి ఒక్క ఫేజు తీసి తీగకు ఇస్తే దాంట్ల 230 వోల్టులు ఉంటయి. అది ఆగకుండా పారుతది. కండరాలు బిగుసుకుపోతయి. చేత్తో పట్టుకుంటే విడిపించుకోలేం. "ఫ్యూజు కొట్టేస్తది గదా" అని కొందరు అంటరు. కొట్టదు. ఫ్యూజు పోవాలంటే చాలా ఆంపియర్లు కావాలె. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. మనిషి చచ్చినా ఫ్యూజుకు తెల్వదు. వట్టి కాళ్ళు, మంచుతో తడిసిన గడ్డి ఉంటే ఇంకా సులువు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిన్రు. రైతుకు మంచిదే. కానీ "ఈ రాత్రి మన వంతు కరెంటు లేదులే" అనే లెక్క పోయింది. ఏ రాత్రయినా తీగల కరెంటు ఉందనే అనుకోవాలె.

సోలార్ కంచె వేరే. దాంట్ల వోల్టులు వేలల్ల ఉంటయి గానీ, సెకనుకు ఒకసారి కొట్టి వదిలేస్తది. సరిగ్గ పెట్టిన సోలార్ కంచె మామూలుగ చంపదు, వదిలించుకునే సందు ఇస్తది. ప్యానెల్, మిషను, గుంజకు గుంజకు ఇన్సులేటర్, ఎచ్చరిక బోర్డు ఉంటయి. దొంగ తీగకు ఇవేవీ ఉండవు. పొట్టి కట్టెలకు, సీసా మూతులకు చుట్టిన సన్నటి బైండింగ్ తీగ, మోకాలికి కిందనే. చీకట్ల కనబడదు. గడ్డిపోచతో తాకి చూస్తే తెలుస్తదని మన పెద్దోళ్ళు కొందరు చెప్తరు. దయచేసి ఆ పని చేయకండి. పచ్చి గడ్డిలో నీళ్ళుంటయి.

ఇక కుక్క తీగ మీద పడిందనుకో. ఆగు. పక్కోణ్ణి ఆపు. మిగతా కుక్కల్ని పిలువు. వచ్చిన అడుగుల్లనే ఎనక్కి రా. 1912కి ఫోన్ చేయి, లైన్‌మన్‌కి చెప్పు. ఎండిన కట్టెతో నెడదామంటవా? ఆ తీగ స్టార్టర్ నుంచి వచ్చిందా, పైన 11 కేవీ లైనుకు కొక్కెం తగిలించిన్రా నీకు తెల్వదు. పెద్ద లైనయితే కట్టె కాపాడదు, చుట్టూ నేలల కూడా కరెంటు ఉంటది. కుక్క ఏడుస్తుంటే నిలబడి చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నిలబడాలె. చీకట్ల పోయేటప్పుడు కుక్కను తాడుతో పక్కన నడిపించుకుంటే మేలు. తాడు మాత్రం చేతికి చుట్టుకోవద్దు. అరుపు వినంగనే వదిలేయాలె.

ముళ్ళ కంచె చంపదు గానీ కాలు తీస్తది. కుక్క దుంకినప్పుడు ఎనక కాలు పై రెండు తీగల నడుమ జారి మెలి పడతది. కాలు పట్టి గుంజితే ఇంకా బిగుస్తది. ముందు టువ్వాల తలకు కప్పు, నొప్పిల మనల్నే కరుస్తది. తర్వాత నడుము కింద చెయ్యి పెట్టి బరువు ఎత్తు. అప్పుడు ఇంకొకరు తీగలు విడదీయాలె, లేకుంటే కటింగ్ ప్లేయర్‌తో కోయాలె. క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు మెడకు పడితే కుక్కను ఉచ్చు దిక్కు నెట్టు, అప్పుడు వదులైతది. విడిపించినంక పశువుల డాక్టరుకు చూపించు, 1962కి ఫోన్ చేయొచ్చు. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి దవాఖానకు పో, టీకా తీసుకో.

ఇప్పుడు మనలో మన మాట. తీగ పెట్టేది ప్రతిసారీ బయటోడే కాదు. పంది పంట తింటే మన కడుపూ మండుతది. మన చేన్లల్ల కూడా తీగలున్నయి, మీకు తెలుసు, నాకూ తెలుసు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ జవాను చచ్చిపోయిండు. పందికి పెట్టిన తీగ ఎవరొస్తున్నరో అడగదు. 2003 విద్యుత్ చట్టం 135 సెక్షన్ కింద కరెంటు దొంగతనం నేరం. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఎన్నో హక్కులిచ్చింది గానీ వేటను పక్కన పెట్టింది. కేసు పడితే పట్టా కాపాడదు.

అట్లని మన దారుల మీద ముళ్ళ కంచె వేస్తే ఊకోవాలని కాదు. తాతల నాటి బాటను, చెలిమె దారిని, దేవుని దారిని మూసేస్తే గ్రామసభల పెట్టండి. ఏ బాట, ఎక్కడ మూసిన్రు, పశువులకు, మనుషులకు గేటు ఎక్కడ కావాలె, అన్నీ తీర్మానంల రాయించండి. కరెంటు తీగలు పెట్టొద్దని కూడా అదే సభల రాయించండి, మన పేర్లతోనే. పంటకు కాపలా మంచె మీద వంతులు వేసుకుందాం. సోలార్ కంచె సబ్సిడీ ఉందేమో మండల వ్యవసాయ ఆఫీసుల కలిసిపోయి అడుగుదాం.

మా మామ మళ్ళా ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నడు. మొన్న ఇప్పపువ్వుకు పోతుంటే చూసిన. దాన్ని ముందు పోనియ్యలే. చంకల పెట్టుకొని, టార్చి కింద నేల మీదకు కొట్టుకుంట పోతున్నడు. అత్త ఎనక నుంచి ఆయన చొక్కా పట్టుకునే ఉంది.