డీజిలు గొట్టములో గాలి



కోనసీమలో ఒక బండి ఆగినచో ఆ కష్టము ఒక్క బండితో పోదు. మన దారులలో పెక్కు కాలువగట్లమీదనో ఏటిగట్లమీదనో సాగుచున్నవి. ఒకవైపు నీరు, ఒకవైపు చేను. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకొని బయలుదేరిన లారీ ఇట్టి గట్టుమీద నిలిచిపోయినచో దాని వెనుక బస్సు, బస్సు వెనుక ధాన్యపు ట్రాక్టరు వరుసగా నిలుచును. డ్రైవరు సెల్ఫు కొట్టుచునే యుండును, బ్యాటరీ దిగిపోవును. అంతట ఎవరో ఒకరు పంపు పోయినదని తీర్పు చెప్పుదురు. పంపును ఊడదీసి పట్టణమునకు పంపుదురు. సొమ్మును పోవును, పని దినములును పోవును. పంపు తిరిగి బిగించిన పిమ్మట బండి నడచును గనుక ఆ తీర్పు సరియైనదే యని అందరును నమ్ముదురు. కాని పంపు తిరిగి బిగించునపుడు మెకానిక్కు గొట్టములలోని గాలిని తీసివేయును. అనేక పర్యాయములు బండి నడచుట అందువలననే. గాలి చొరబడిన సందు ఎక్కడ నున్నదో అక్కడనే యుండును. కొలది దినములకు బండి మరల ఆగును.

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనునందువలె నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని ఇంజను గట్టిగా నొక్కగా ఆ గాలి మిక్కిలి వేడెక్కును. సరిగా ఆ క్షణమున నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మును. అది తనంత తాను మండును. నాజిలు తెరచుకొనుటకు పాతతరము ఇంజనులలో సైతము చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావలెను. డీజిలు ద్రవమగుటచే ఎంత నొక్కినను ఇంచుమించు కుదించుకొనదు; కావున పంపు ఒక కొసను త్రోసిన త్రోపు రెండవ కొసన నాజిలును తెరచును. నడుమ గాలిబుడగ ఉన్నచో త్రోపంతయు దానిని కుదించుటకే సరిపోవును. సైకిలు పంపు కొసను వ్రేలితో మూసి నొక్కి చూచినచో ఈ సంగతి బోధపడును.

చిత్రమేమనగా, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిలు నడిపి చూపిన ఇంజనులో ఇంధనమును సిలిండరులోనికి చిమ్మినది గాలియే. అందులకై గాలిని నొక్కు యంత్రమొకటి జోడింపవలసి వచ్చెడిది. అంత బరువు లారీ మోయలేదు. 1927లో బాష్ సంస్థ ఇంధనపు పంపులను పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన తరువాత డీజిలు లారీలు వ్యాపించినవి. నాటి సహాయుడు నేడు విరోధి యైనాడు.

ఇక అసలు సంగతికి వత్తము. టాంకి నుండి ఫీడు పంపు వరకు గల గొట్టములో డీజిలు పీల్చబడును. ఫీడు పంపు నుండి ఫిల్టరునకును, అటనుండి ఇంధనపు పంపునకును పోవు గొట్టములలో త్రోయబడును. త్రోయబడు గొట్టమునకు చిల్లి పడినచో డీజిలు బయటికి కారును; తడిని చూచి చోటు పట్టవచ్చును. పీల్చబడు గొట్టమునకు చిల్లి పడినచో ఇంజను నడచుచున్నంతసేపు చుక్కయైనను కారదు; గాలి లోనికి పోవును. మన పిల్లలు బొప్పాయి కాడను బొండములో దించి నీరు పీల్చుదురు గదా! కాడ పైభాగమున చిన్న చీలిక ఉన్నచో నోటికి నీరు రాదు, గాలి వచ్చును. అయినను ఆ చీలికనుండి నీరు కారదు. కనుక ఎక్కడను కారుట లేదు, గొట్టములు బాగుగానే ఉన్నవి అను మాటను నమ్మరాదు. కారుట లేదనినచో మొదట టాంకివైపుననే వెదకవలెను.

అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుప గొట్టములు త్వరగా తుప్పుపట్టును. బురదయు తడియు నిలుచుటచే క్లిప్పుల క్రింద ఈ తుప్పు అధికము. క్లిప్పు విప్పి చూచువారిని మాత్రము మేము అరుదుగా చూచితిమి. రబ్బరు గొట్టము ఎండకు పగులును, ఎలుక కొరుకును. ఫిల్టరు మార్చినప్పుడు నలిగిన పాత వాషరునే మరల వేయుట వేరొక కారణము. టాంకిలో డీజిలు అడుగంటి యున్నప్పుడు గట్టు ఎక్కినను, సఖినేటిపల్లి వంటి రేవులో పంటుమీదికి దిగినను, డీజిలు ఒక మూలకు ఒరగి పీల్చు గొట్టపు కొస గాలిలో తేలవచ్చును. ఇందు బండి దోషమేమియు లేదు.

సెల్ఫు కొట్టుచున్నప్పుడు పొగ ఏమాత్రము రానిచో సిలిండరునకు డీజిలు చేరుట లేదని సాధారణముగా గ్రహింపవచ్చును. తెల్లపొగ మెండుగా వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. అది చాలవరకు వేరు జబ్బు. ఉదయమున మొరాయించి, ఒకసారి అందుకొన్న పిమ్మట దినమంతయు చక్కగా నడచు బండిలో, రాత్రివేళ సందుగుండా గాలి చేరి డీజిలు టాంకికి జారిపోవుచున్నదేమో చూడవలెను. కొంతదూరము నడచి ఆగిన బండికి టాంకి మూత విప్పగానే బుస్సుమని శబ్దమైనచో మూతలోని గాలిరంధ్రము పూడినదన్నమాట. గాలి లోనికి పోవలసిన చోటు అదియొక్కటే!

సందు ఏ భాగమున నున్నదో తేల్చుటకు శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, వేరొక గొట్టముతో ఫీడు పంపునకు నేరుగా అందించి, గాలి తీసి నడిపి చూడవలెను. చక్కగా నడచినచో దోషము టాంకికిని ఫీడు పంపునకును నడుమ నున్నది. అప్పటికిని ఆగినచో ఫీడు పంపు మొదలుకొని ముందుకు వెదకవలెను.

గాలి తీయుటకు ముందు టాంకి నింపి, ఫిల్టరు చుట్టును గుడ్డతో తుడిచి, దానిమీది బ్లీడింగు స్క్రూను కొద్దిగా వదులుచేయవలెను. ఫీడు పంపు చేతి ప్రైమరును ఆడించినచో మొదట నురుగు, పిదప బుడగలు, తుదకు బుడగలేని డీజిలు వచ్చును. ఆడించుచుండగానే స్క్రూను బిగింపవలెను. పిమ్మట ఇంధనపు పంపు స్క్రూ వద్దను ఇట్లే చేయవలెను. టాంకివైపునుండి ఇంజనువైపునకే సాగవలెను. ప్రైమరు మీట బరువు తగలక ఊరక ఆడుచున్నచో ఇంజనును కొద్దిగా త్రిప్పి మరల ప్రయత్నింపవలెను. త్రిప్పి బిగించు పిడి గల ప్రైమరైనచో పని ముగియగానే దానిని అడుగువరకు బిగింపవలెను. వదులుగా విడిచిన పిడియే గాలికి దారి యగుట కలదు. సెల్ఫును ఒక్కసారికి పది పదిహేను సెకండ్లకు మించి కొట్టరాదు. అప్పటికిని అందుకొననిచో పాతతరము ఇంజనులలో నాజిళ్ళ వద్ద గొట్టపు నట్లను వదులుచేసి, చేయియు ముఖమును దూరముగా నుంచి, సెల్ఫు కొట్టి, డీజిలు కనుపించగానే ఆపి బిగింతురు. ఇంధనపు పంపును విప్పి చూడవలెనను కోరికను మాత్రము అణచుకొనవలెను. లోపలి ప్లంజరునకును దాని గూటికిని నడుమ ఎడము మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులు. దానిని చెరచుటకు గట్టుమీది ఇసుకరేణువు చాలును.

నట్లు వదులుచేయు ఈ పని క్రొత్తతరము బండ్లకు ఎంతమాత్రము తగదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 వాహనములలోను, అంతకు ముందు వచ్చిన అనేక వాహనములలోను కామన్ రైలు అను పద్ధతి కలదు. అందులో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు వేయి కిలోలు దాటును. అక్కడ వెలువడు సన్నని ధార చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిపోటంతయే కనుపించును, మొదట నొప్పియు ఉండకపోవచ్చును. కాని గంటలలో చేతికే ముప్పు వచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, తక్షణమే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోయి, డీజిలు చర్మములోనికి పోయినదని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. ఆ బండ్లలో ఫిల్టరు వద్ద ప్రైమరు ఉన్నచో దానిని ఆడించుటతో మన పని సరి. మిగిలినది ఆ బండి నెరిగిన మెకానిక్కునకు విడువవలెను.