మొదటి తప్పు మూసిపెడితే రెండో శిక్ష ఎక్కడిది?



మేము ఎత్తుకున్న విషయం సభలో మాట్లాడడానికి కష్టమైనదే. అయినా రోజూ పిల్లల మధ్య మెలిగే ఉపాధ్యాయులం గనుక మేమే మాట్లాడాలి.

పసిబిడ్డపై అఘాయిత్యం జరిగిందని వార్త వస్తే, "ఇలాంటివాళ్లకు గట్టి చట్టం లేదా?" అని అందరూ అడుగుతారు. ఉన్నది. 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టం అమలులో ఉన్నది. 18 ఏళ్లు నిండని ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ అది రక్ష. లైంగిక నేరానికి పూర్వం శిక్షపడినవాడు మళ్లీ పిల్లల జోలికొస్తే శిక్షను పెంచుతుంది. దురుద్దేశంతో ఒంటిపై చేయివేస్తే మామూలుగా 3 నుండి 5 ఏళ్ల జైలు. పాత నేరస్థుడికి 5 నుండి 7. వాడే అత్యాచారం చేస్తే, 2019 సవరణ ప్రకారం కనీసం 20 ఏళ్లు, ఆపైన మరణశిక్ష వరకు.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. "పూర్వం శిక్షపడినవాడు" అంటున్నది చట్టం. "పూర్వం తప్పుచేసినవాడు" అనడం లేదు. కోర్టు తీర్పు ఉంటేనే రెండోసారి అని లెక్క. మరి మన మొహల్లాల్లో జరిగేదేమిటి? చాలా కేసుల్లో ముద్దాయి బిడ్డ ఎరిగినవాడే. బంధువో, పొరుగువాడో, చదువు చెప్పేవాడో. పెద్దమనుషులు కూర్చుంటారు. ఇజ్జత్ పోతుందంటారు, రేపు పిల్లకు పెళ్లి కాదంటారు. నాలుగు రూపాయలు ఇప్పించి వాణ్ణి ఊరు దాటిస్తారు. వాడు ఇంకో ఊళ్లో ఇంకో బిడ్డ విషయంలో దొరికితే, చట్టం దృష్టిలో అదే వాడి మొదటి నేరం! ఆ రాయితీ ఇచ్చింది జడ్జిగారు కాదు, మనం చేసిన రాజీ.

తెలిసీ చెప్పకపోవడమూ నేరమే. దాచినవారికి 6 నెలల వరకు, తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు పడవచ్చు. బడి అయినా, మదర్సా అయినా ఒకటే. ఇక ఇజ్జత్ సంగతి. బిడ్డ పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. పోలీసులు యూనిఫారం లేకుండా, బిడ్డ ఇంటికే వచ్చి వాఙ్మూలం తీసుకోవచ్చు. 1098కు ఫోన్ చేసినా సహాయం అందుతుంది.

కనుక పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇటువంటి పంచాయితీ మీ గుమ్మంలోకి వస్తే తీర్పు చెప్పడానికి కూర్చోకండి. ఆ తల్లిదండ్రుల వెంట పోలీసు స్టేషనుదాకా నడవండి. రెండో బిడ్డను కాపాడే దారి అదే.