బోడితల – వయోనిర్ణయము

కొంతకాలము క్రిందట మా తండ్రిగారు గతించిరి. పదవనాడు ఏటియొడ్డున మా అన్నదమ్ములమిద్దరమును శిరోముండనము చేయించుకొంటిమి. నాకప్పుడు ఏబదిమూడేండ్లు. నడినెత్తిని జుట్టు పలుచబడియుండెను. పదేండ్లుగా రంగు వేసికొనుచుంటిని గాని, తండ్రిగారు మంచము పట్టిన నాటినుండి ఆ ధ్యాస లేకపోవుటచే నెరుపంతయు బయటపడియుండెను. తమ్ముడు నాకంటె పదునాలుగేండ్లు చిన్న. వానిది దట్టమైన నల్లని జుట్టు.

పండ్రెండవనాడు మా తండ్రిగారి బాల్యమిత్రులొకరు వచ్చిరి. చాలకాలమునకు మమ్ము చూచుట. చూపును కొంత మందగించినది. ఆయన తిన్నగా తమ్మునియొద్దకు పోయి భుజము తట్టి, "పెద్దవాడివి, ఇక ఇంటి బరువంతా నీదే నాయనా" అనిరి. పిమ్మట నావైపు తిరిగి, "నువ్వు అన్నయ్య మాట వింటూ ఉండు" అని బుద్ధి చెప్పిరి. దుఃఖములో నున్న ఇంట నవ్వరాదు. కాని మా అమ్మ సైతము కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను.

మంగలికత్తి ఒక్కటే. అది నాకు వయస్సు తగ్గించి, తమ్మునకు పెంచుట ఎట్లు సాధ్యమయ్యెను? ఆ దినములలో ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

ఎదుటివాని వయస్సును అంచనా కట్టునపుడు మనమెవ్వరమును జాతకము అడుగము. జుట్టు రంగును, నుదుటిపై జుట్టు మొదలగు చోటును, ముఖముపై ముడుతలను చూతుము. ఈ మూడు సాక్ష్యములలో రెండు తలమీదనే యున్నవి. మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. వాని కుదుళ్లలోని కణములు మెలనిన్ అను రంగుపదార్థమును తయారుచేయును. ఏండ్లు గడచినకొలది ఆ కణములు తరిగిపోవుటచే జుట్టు నెరయును. బట్టతలకు కారణము వేరు. వంశలక్షణమును బట్టి కొందరి కుదుళ్లు పురుష హార్మోను ప్రభావమున క్రమముగా కుంచించుకొనిపోవును. ఇందు ఆ హార్మోను పాత్రను 1942లో జేమ్స్ హామిల్టన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను.

కత్తి పడుటతో ఈ రెండు సాక్ష్యములును ఒక్కసారిగా తొలగిపోవును. నా విషయమున అవి నాకు ప్రతికూల సాక్ష్యములు. అవి పోవుట నాకు లాభించినది. తమ్మునకు అవి అనుకూల సాక్ష్యములు. నల్లని జుట్టు వాని యౌవనమునకు పూచీగా నిలిచియుండెను. ఆ పూచీ తొలగినంతనే కన్నుల క్రింది నీడలు, వారము దినముల నిద్రలేమి ముందుకు వచ్చినవి. కనుబొమలు సాధారణముగా తలకంటె ఆలస్యముగా నెరయును. కావున నెరసిన తలవాడు గుండు చేయించుకొన్నచో, మిగిలిన నల్లని కనుబొమలు వానిపక్షమున మాటలాడును.

ఇందుకు లోకమెరిగిన ఉదాహరణ యూల్ బ్రిన్నర్ అను నటుడు. ఆయన 1920లో జన్మించెను. 1951లో న్యూయార్కు రంగస్థలముపై 'ది కింగ్ అండ్ ఐ' అను సంగీతనాటకమున సయాం రాజు మాంగ్‌కుట్ పాత్రకై తల గొరిగించుకొనెను. ఆ కథ జరిగిన 1862 ప్రాంతమున నిజమైన రాజునకు అరువదేండ్లు సమీపించుచుండెను. నటునకో ముప్పది దాటి ఎన్నాళ్లో కాలేదు. అయినను ప్రేక్షకులు సందేహింపలేదు. 1956 నాటి చలనచిత్రమున అదే పాత్రకు ఆస్కారు బహుమానము పొందెను. అంతకన్న విశేషము, 1985లో తాను మరణించిన సంవత్సరము వరకును అదే నున్నని తలతో అదే పాత్రను ధరించుచునే యుండెను. ముప్పదియేండ్ల నటుని పెద్దవానిగను, అరువది దాటిన నటుని పటుత్వము గలవానిగను చూపినది ఆ తలయే.

గుండునకు మరియొక గుణము కలదందురు. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బర్ట్ మానెస్ కొందరు పురుషుల ఛాయాచిత్రములలో జుట్టును యంత్రసహాయమున చెరిపివేసి చూపగా, చూచినవారు వారిని మునుపటికంటె పొడగరులుగను, బలశాలురుగను, అధికారము చెలాయింపగలవారుగను భావించిరి. మా తమ్ముడు ఇంటి పెద్దగా కనబడుటలో ఇదియు కొంత పనిచేసియుండును.

అయితే బట్టతలవారందరును నేడే మంగలిని పిలువవలెనని నా అభిప్రాయము కాదు. కొత్తగా గొరిగిన తల ముఖముకంటె తెల్లగా నుండి, రెండు రంగుల కుండవలె కనబడును. ఎండ తగిలి రంగు కలియుటకు కొన్నాళ్లు పట్టును. నల్లని జుట్టు గలవానికి రెండుమూడు దినములలోనే చెవులపై నీడవంటి గీత తేలి, బట్టతల హద్దును తిరిగి చూపును. తెల్లని గడ్డమును ఉంచుకొని తల మాత్రము గొరిగించుకొన్నచో, పంపివేసిన సాక్షిని మరల పిలిచినట్లే యగును. గొరిగించినచో జుట్టు ఒత్తుగా మొలచునను ఆశయు వ్యర్థము. 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ గడ్డముపై పరీక్షించి, గొరుగుటవలన పెరుగుదల మారదని తేల్చెను. మొన తెగుటచే గరుకుగా తోచును, అంతియే.

నాకు ఈ విచారమంతయు ఒక సాయంకాలము తలక్రిందులయ్యెను. నేను వీథి అరుగుపై కూర్చుండియుంటిని. దీపము పెట్టి వచ్చిన అమ్మ నన్ను చూచి గుమ్మములోనే నిలిచిపోయెను. కొంతసేపటికి, "మీ తాతగారు పోయినప్పుడు మీ నాన్నగారు అచ్చం ఇలాగే కూర్చున్నార్రా" అనెను.

నాకు తండ్రిపోలిక కలదని అంతవరకు ఎవరును అనలేదు. నేను ఎరిగిన తండ్రి నిండు తెల్లజుట్టు వృద్ధుడు. నేను నల్లరంగు పులుముకొని తిరిగినవాడను. రెండు జుట్టులును తొలగిన పిదప మిగిలినది ఒకే నుదురు, ఒకే చెవులు, ఒకే మెడవంపు. అమ్మకు ఆ క్షణమున నా వయస్సు ఎక్కువగాని తక్కువగాని తోచలేదు. ఆమె చూచినది వేరొకరిని.

జుట్టు నెలకు సుమారు అర అంగుళము పెరుగును. మూడు నెలలకు అంగుళమున్నర వచ్చినది. తమ్ముడు మరల తమ్ముడైనాడు. నాది మునుపటికంటె తెల్లగనే వచ్చినది. రంగుసీసా అలమారలో వెనుక అరలో నున్నది. దానిని తీయవలెనని ఇంతవరకు తోచలేదు.