దుకాణపు కప్పుకు వ్రేలాడు బరువు

మన పాత యిండ్లలో వంటింటి దూలమునకు ఉట్టి వ్రేలాడుచుండెడిది. నట్టింటి దూలమునకు ఊయల గొలుసులు తగిలించు ఇనుప కడియములుండెడివి. ఊయలలో పరుండిన పసివాని బరువు ఏ దారిని ఎక్కడికి పోవుచున్నదో ఇంటిల్లిపాదికి కంటికి కనబడెడిది: గొలుసు నుండి కడియమునకు, కడియము నుండి దూలమునకు, దూలము నుండి గోడకు.

నేటి దుకాణములో అట్లు కనబడదు. తలయెత్తి చూచినచో తెల్లని పలకలు, వాని నడుమ సన్నని లోహపు పట్టీలు, ఆ పట్టీల నుండి ధరలను, సరకులను చాటు బోర్డులు. చూచువారికి అదియే కప్పు. కాని దానిపైన కొంత ఖాళీ విడిచి అసలు శ్లాబు వేరుగా నున్నది. మనకు కనబడునది ఆ శ్లాబు నుండి తీగలతో దించిన తెర మాత్రమే. బోర్డును మోయుచున్నదని మన మనుకొను ఫాల్స్ సీలింగు తానే మరియొకదానికి వ్రేలాడుచున్నది.

కట్టడపు పనులలో తిరుగువాడనే యైనను, ఈ సంగతి నాకు బాగుగా పట్టుబడినది ఒక బట్టల దుకాణములో. కొన్ని సంవత్సరముల క్రిందట దసరాకు ముందు, మా మేనకోడలి పెండ్లి బట్టలకై పోతిమి. పరుపుపై కూర్చుండి చీరలు చూచుచుండగా, వేరు రంగులు చూపెదనని గుమాస్తా పిలిచెను. అందరము లేచి ప్రక్క బీరువాల వద్దకు నడిచితిమి. వెనుక పెద్ద చప్పుడు! ఆరడుగుల చెక్క బోర్డు, దానితో నాలుగైదు పలకలు, మేము లేచిన పరుపు మీదనే పడియున్నవి. ఎవరికిని దెబ్బ తగులలేదు. యజమాని పరుగున వచ్చి, బోర్డును తిరుగవేసి చూచి, "చూడండి బాబూ, కొక్కెం ఊడలేదు!" అనెను.

నిజమే, ఊడలేదు. తాను పట్టుకొన్న లోహపు పట్టీని విడువకయే, పట్టీతో సహా క్రిందికి వచ్చినది.

ఆ కొక్కెమును తప్పు పట్టుటకు వీలు లేదు. అటువంటి సీలింగులో పలక సాధారణముగా 600 మిల్లీమీటర్ల చదరము, అనగా రమారమి రెండడుగులు. పలకల అంచులను మోయు పట్టీ తలక్రిందులైన ఇంగ్లీషు 'టీ' అక్షరమువలె నుండును. దాని అడుగు వెడల్పు తరచుగా 24 మిల్లీమీటర్లు. ఆ అంచును రెండు వైపుల కరచుకొనునట్లు చిన్న క్లిప్పులు చేసి అమ్ముచున్నారు. అట్టముక్కలకు, కాగితపు తోరణములకు, థర్మోకోల్ అక్షరములకు అవి చక్కగా సరిపోవును. పట్టీని మోయు తీగలు సుమారు నాలుగడుగులకొకటి చొప్పున నుండును. అవి పలకల బరువునకే లెక్కించి కట్టినవి. క్లిప్పుల పెట్టెపై అచ్చు వేసిన బరువు క్లిప్పు మోయగల బరువే కాని, మీ సీలింగు మోయగల బరువు కాదు. ఈ తేడా చెప్పి అమ్మువారిని నేను అంతగా చూడలేదు.

చెక్కబోర్డును, దీపములున్న పెట్టెను, అద్దమును కట్టదలచినచో ఒక పలకను ఎత్తి, పైనున్న శ్లాబుకే బోల్టు బిగింపవలెను. అక్కడ నుండి ఉక్కు తీగయో, మరలున్న కడ్డీయో పలకకు చేసిన రంధ్రము గుండ దించవలెను. పలకకు గాని, పట్టీకి గాని ఆ బరువుతో సంబంధ ముండరాదు.

ఇక్కడ ఇంకొక పొరపాటు జరుగుచున్నది. గోడకు మేకు కొట్టి పటము తగిలించితిమనుకొందము. పటము బరువు మేకును క్రిందికి వంచజూచును, పెరికివేయదు. అదే మేకు కప్పులో నున్నచో, బరువు దానిని ఎల్లప్పుడు తిన్నగా బయటికే లాగుచుండును. 1958లో జర్మనీలో ఆర్తూర్ ఫిషర్ రూపొందించిన నైలాను ప్లగ్గు ఇంటింటికి వచ్చినది, మంచి వస్తువే. కాని గోడకు పనికివచ్చిన ప్లగ్గు కప్పుకును పనికివచ్చునని తలచరాదు. శ్లాబుకు వాడు ఉక్కు యాంకరు బోల్టు వేరు రకము. నట్టు బిగించినకొలది దాని కొననున్న శంకువు చుట్టునున్న గొట్టమును విప్పార్చి రంధ్రపు గోడలకు అదిమిపట్టును. రంధ్రములోని ధూళిని ఊది తీయనిచో ఆ పట్టు సగము సగముగా నుండును. పాత బజారులలోని మద్రాసు మిద్దె కప్పులలోనైతే ఇటుకలను ముట్టరాదు. టేకు దూలమునే వెదకవలెను.

జిగురు మందుతో బోల్టును అతికించు పద్ధతియు కలదు. 2006 జూలై 10వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టను నగరమున ఒక సొరంగ మార్గములో వ్రేలాడదీసిన కాంక్రీటు సీలింగు కూలి, సుమారు 26 టన్నుల బరువు క్రిందికి వచ్చినది. ఒక కారులో పోవుచున్న స్త్రీ మరణించెను. ఆ బోల్టులను పట్టియుంచిన ఎపాక్సీ జిగురు, ఎడతెగని బరువు క్రింద మెల్లమెల్లగా సాగి విడిచినదని విచారణలో తేలినది. బిగించిన నాడు గట్టిగా నుండుట ఒకటి, ఏండ్ల తరబడి అట్లే యుండుట మరియొకటి.

ఇక గొలుసుల వాలు. 10 కిలోల బోర్డును రెండు నిలువు గొలుసులతో కట్టినచో ఒక్కొక్కదానిపై 5 కిలోలు. అందముకొరకు వానిని ఇరువైపుల వాల్చి, కప్పుతో 30 డిగ్రీల కోణమునకు తెచ్చినచో ఒక్కొక్కదానిపై 10 కిలోలు. ఇంకను వాల్చి 10 డిగ్రీలు చేసితిరా, దాదాపు 29 కిలోలు! బోర్డు బరువు పెరుగలేదు. గొలుసు మాత్రము తెగును. బట్టలారవేయు తీగను బిగుతుగా లాగి కట్టినప్పుడు మేకులు ఊడివచ్చుట గృహిణులకు తెలిసినదే. ఆ లెక్కయే ఇది.

పంకా గాలికి ఊగు బోర్డుకు నట్టు వదులగును. దానిపై రెండవ నట్టు బిగింపవలెను. 'ఎస్' ఆకారపు కొక్కెముల నోళ్లు పటకారుతో మూయవలెను. మంటలార్పు నీటి గొట్టములకు ఏదియు కట్టరాదు. నీరు చిమ్ము మూతి క్రింద బోర్డు అడ్డుగా నుండరాదు.

ఆ దుకాణమునకు మొన్న మరల పోతిని. బోర్డు శ్లాబు నుండి దించిన నాలుగు కడ్డీలకు వ్రేలాడుచున్నది. యజమాని నన్ను గుర్తుపట్టి, గల్లాపెట్టె తెరచి, ఆనాటి కొక్కెమును చూపెను. దాని నోట ఆ పట్టీ తునక ఇంకను అట్లే యున్నది. పండుగలకు కొత్త బోర్డులు తెచ్చు కంపెనీల మనుష్యులకు ముందు దానిని చేతికిచ్చి, తరువాతనే నిచ్చెన వేయనిచ్చుచున్నాడట.