బాలురకు గ్రహమండల బోధ



పటములో రాహువు ఎక్కడనున్నాడని మన గ్రంథాలయమున ఒక బాలుడు నన్నడిగెను. కసరి పంపుట సులభము; కాని అట్లు పంపిన బాలుడు మరల ప్రశ్నింపడు. నవగ్రహములు పూజకు సంబంధించినవనియు, ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహములలో చేర్చినందున పాఠమున గ్రహములు 8 అనియు చెప్పితిని.

పిదప వానిని బయలునకు గొనిపోయితిని. సూర్యుడు జానెడు గుమ్మడికాయ యైనచో భూమి ఆవగింజ. నడుమ దూరము సుమారు 24 మీటర్లు. నెప్ట్యూనునకు సుమారు 700 మీటర్లు నడువవలసివచ్చెను. నడచిన దూరమును బాలుడు మరువడు.

ఇక రాహువు మాట. గ్రహణములకు నీడలే కారణమని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయముననే ఆర్యభటుడు చెప్పెను. భూమి తిరుగుచున్నదనియు వచించెను. కావున బిడ్డలకు నిజము చెప్పుట పూర్వులను ధిక్కరించుట కాదు. వారి ప్రశ్నలకు ఈ గ్రంథాలయపు తలుపులు ఎల్లప్పుడును తెరచియుండుగాక!